ఎదుటివాడికి తెలిసిపోయిన గాంబిట్: మిర్యాలగూడ కుర్రాడి కేసు

కుర్రాడు తొమ్మిదో తరగతి. పేరు రాయను, ఊరు మిర్యాలగూడ పక్కన. ఆన్‌లైన్ చెస్‌లో, అందులోనూ బ్లిట్జ్‌లో (ఆట మొత్తానికి కొద్ది నిమిషాలే ఉండే పోటీ) గట్టివాడు, చెయ్యి వేగం ఎక్కువ, భయం తక్కువ. బోర్డు ముందు కూర్చుంటే మాత్రం నల్లపావులతో వరసగా ఓడిపోతున్నాడు. వాళ్ళ నాయన రైస్ మిల్లులో గుమాస్తా. టోర్నమెంట్ ఉన్న ఆదివారం తెల్లారకముందే లేచి కొడుకును బస్సెక్కించి ఎల్బీ నగర్ దాకా తీసుకుపోయే మనిషి. నా దగ్గరికి వచ్చి చెప్పింది ఒక్క ముక్క: "సార్, మావోడు తెల్లతోని బానే ఆడుతుండు. నల్ల వచ్చిందంటే పెయిరింగ్ చూడంగనే మొఖం మాడ్చుకుంటుండు. ఏందో జర చూడున్రి." పెయిరింగ్ అంటే ఎవరు ఎవరితో, ఏ రంగుతో ఆడాలో చెప్పే జాబితా.

నేను అడిగింది ఫోన్‌లో ఉన్న ఆటలు కాదు, స్కోర్‌షీట్లు, అంటే ఆడుతూ ఎత్తులు రాసుకునే కాగితాలు. ఫోన్ ఎత్తులు మాత్రమే చూపిస్తుంది, కాగితం మీద పిల్లాడి చెయ్యి కూడా కనబడుతుంది. షీట్లన్నీ బల్ల మీద పరిస్తే విషయం చదవకముందే తెలిసిపోయింది. మొదటి ఐదారు ఎత్తులు ఒకే ఊపులో రాసి ఉన్నాయి, అక్షరాలు కుడివైపుకి వాలి, గీత మీద నీట్‌గా. ఆరో ఎత్తు దగ్గరో ఏడో ఎత్తు దగ్గరో రాత మారిపోతుంది: పెన్ను గట్టిగా నొక్కి, ఒక గడి పేరు రాసి, కొట్టేసి, పక్కన ఇంకొకటి రాసి. ఎదుటివాడు వీడియోలో లేని ఎత్తు వేసిన చోటు అది. (ఎత్తు వేయకముందే రాసుకోవడం ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే నియమాల ప్రకారం కుదరదు, ఆర్బిటర్, అంటే రిఫరీ, చూస్తే మందలిస్తాడు. ఆ సంగతి అతనికి విడిగా చెప్పాను.)

ఇంకొకటి కూడా కనబడింది. గెలిచిన ఆటలన్నీ పది ఎత్తుల లోపే, ఓడినవన్నీ ముప్పై దాటాక. మధ్యలో ఖాళీ. ఇలాంటి షీట్లు చూస్తే ఏ కోచ్‌కైనా అర్థమవుతుంది, పిల్లాడు చెస్ ఆడట్లేదు, ఉచ్చు పెట్టి పక్కన కూర్చుంటున్నాడు.

ఉచ్చులు ఏవంటే, అన్నీ గాంబిట్లే, అంటే ఆట మొదట్లోనే బంటునో పావునో ఎరగా ఇచ్చే ఓపెనింగ్‌లు (మొదటి ఎత్తుల వరస). తెల్లవాడు డి4 వేస్తే ఎప్పుడూ ఎంగ్లుండ్ గాంబిట్, ఇ4 వేస్తే ఎప్పుడూ స్టాఫర్డ్ గాంబిట్. తెల్లతో కుదిరితే హాలోవీన్.

ఎంగ్లుండ్ ఎలా పోతుందో తెలియని వాళ్ళ కోసం ఒకసారి రాస్తాను. మంత్రి, ఏనుగు, ఒంటె, గుర్రం, బంటు అని మన పేర్లే వాడుతున్నా, క్వీన్ అంటే మంత్రి, రూక్ అంటే ఏనుగు, బిషప్ అంటే ఒంటె. అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస; పావు పేరు లేకపోతే అది బంటు ఎత్తు; × అంటే తినడం, + అంటే చెక్, ! అంటే మంచి ఎత్తు, అంకె తర్వాత మూడు చుక్కలుంటే నల్లవాడి ఎత్తు. 1.డి4 ఇ5 2.డి×ఇ5 గుర్రం సి6 3.గుర్రం ఎఫ్3 మంత్రి ఇ7 4.ఒంటె ఎఫ్4 మంత్రి బి4+ 5.ఒంటె డి2 మంత్రి×బి2. ఇక్కడ తెల్లవాడికి ఎ1 ఏనుగు పోతుందన్న కంగారు పుడుతుంది, మంత్రిని బెదిరించినట్టూ ఉంటుంది ఏనుగును కాచినట్టూ ఉంటుంది అనుకుని 6.ఒంటె సి3 వేస్తాడు. అంతే. 6...ఒంటె బి4 7.మంత్రి డి2 ఒంటె×సి3, ఇప్పుడు 8.మంత్రి×సి3 అంటే మంత్రి సి1 ఆటకట్టు, గుర్రంతో తింటే ఎ1 ఏనుగు చెక్‌తో పోతుంది. ఎనిమిది ఎత్తుల్లో ఆట ముగిసిపోవడం పదమూడేళ్ళ పిల్లాడికి ఎంత మత్తుగా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇతను ఓడిన ఎంగ్లుండ్ ఆటల్లో తెల్లవాడు వేసింది 6.గుర్రం సి3. చాలా మామూలు ఎత్తు, గుర్రాన్ని బయటికి తేవడం తప్ప ఇంకేం లేదు. 6...ఒంటె బి4 7.ఏనుగు బి1 మంత్రి ఎ3. ఇక్కడ 8.గుర్రం డి5! అంటే ఒకే గుర్రం బి4 మీది ఒంటె మీద, సి7 బంటు మీద రెండింటి మీదా కూర్చుంటుంది. 8...ఒంటె ఎ5 అంటే 9.ఏనుగు బి5, తర్వాత డి2 మీద మార్పిడి అయ్యాక సి7లో చెక్ తప్పించుకోవడానికి నల్లరాజు డి8కి రావాలి. క్యాజిలింగ్ (రాజును ఏనుగు పక్కకి జరిపి దాచే ఎత్తు) పోయింది, మంత్రి ఒక మూలన, మిగతా పావులు ఇంకా ఇంట్లోనే. ఎత్తులు లెక్కపెట్టండి: నల్లమంత్రి ఇ7, బి4, బి2, ఎ3, నాలుగు ఎత్తులు మంత్రివే. తెల్లవాడు ఆ టైంలో సైన్యాన్ని దించుకున్నాడు. బి2 బంటు తిన్నామని సంబరపడితే దాని ఖరీదు అది.

ఇంజన్‌ను (పొజిషన్‌ను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) అడిగితే రెండో ఎత్తుకే తెల్లవైపు ఒక బంటుకు పైగా ఎక్కువ చూపిస్తుంది. కానీ పిల్లలకి ఇంజన్ అంకె చూపించి లాభం లేదు. "సార్, అది కంప్యూటర్, నాతోని ఆడేది మనిషే కదా" అంటారు, ఆ మాటలో నిజం కూడా ఉంది. ఆన్‌లైన్‌లో కింది రేటింగుల్లో (రేటింగ్ అంటే ఆటగాడి బలం చెప్పే అంకె) ఎంగ్లుండ్‌కి నిజంగానే మంచి ఫలితాలు వస్తాయి. లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ (ఏ ఎత్తుకి ఎవరు ఎంత గెలిచారో చూపే పట్టిక) తెరిచి రేటింగ్ వారీగా చూసుకోవచ్చు, కింద బాగుంటుంది, పైకి పోతున్నకొద్దీ నల్లవాడి గెలుపు కరిగిపోతుంది.

ఇక్కడే నాకు ఈ కేసులో అసలు విషయం దొరికింది. రేటింగ్ ఒక్కటే కారణమైతే ఇతను మన జిల్లాల్లో గెలుస్తూ ఉండాలి, ఎందుకంటే ఇతనితో ఆడేవాళ్ళు గ్రాండ్‌మాస్టర్లు కాదు, ఇతని లాంటి పిల్లలే. మరి ఎందుకు ఓడుతున్నాడు? షీట్ల మీద ఎదుటివాళ్ళ పేర్లు చూశాను. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, ఈ చుట్టుపక్కల తిరిగే పిల్లలు కొద్దిమందే, మళ్ళీ మళ్ళీ వాళ్ళే. ఒకడితో మొదటిసారి ఎంగ్లుండ్ గెలిచింది, రెండోసారి అదే పిల్లాడు 6.గుర్రం సి3 వేశాడు. వేయడా మరి? మొదటి ఆట ఓడి ఇంటికి పోయే దారిలో బస్సులోనే ఫోన్ తీసి చూసుకుని ఉంటాడు. అంతటితో ఆగదు, వాళ్ళ కోచ్ పిల్లల వాట్సాప్ గ్రూప్‌లో పెడతాడు, "ఫలానా అబ్బాయి డి4కి ఇ5 ఆడతాడు, ఇదీ మందు" అని. ఆన్‌లైన్‌లో ప్రతి ఆటకి కొత్త మనిషి ఎదురవుతాడు కాబట్టి ఉచ్చు ఎన్నాళ్ళైనా పనిచేస్తుంది. మన దగ్గర ఎదురుగా కూర్చునేది పోయిన నెల ఓడిపోయిన పిల్లాడే. ఇక్కడ ఉచ్చు వయసు ఒక్క టోర్నమెంట్.

కాబట్టి గాంబిట్ ఎంచుకునేటప్పుడు నేను పెట్టే పరీక్ష ఒకటే: ఎదుటివాడికి ఇది మొత్తం తెలుసు అనుకుని కూడా ఆడగలవా? అతను సరైన ఎత్తులన్నీ వేశాక పన్నెండో ఎత్తు దగ్గర నీ చేతిలో ఏం మిగులుతుంది?

ఎంగ్లుండ్ అనే పేరు వచ్చింది స్వీడన్ ఆటగాడు ఫ్రిట్జ్ ఎంగ్లుండ్ నుంచి. ఈయన 1930ల మొదట్లో స్టాక్‌హోమ్‌లో ఈ ఓపెనింగ్‌తోనే ఆడాలి అని షరతు పెట్టి ఒక టోర్నమెంట్ నడిపించాడు. అక్కడ అందరికీ ముందే తెలుసు, అందరూ దాన్నే ఆడాలి కాబట్టి లెక్క సమానం. మన కుర్రాడి పరిస్థితి అలా కాదు, అతను ఏం ఆడతాడో ఎదుటివాడికి తెలుసు, ఎదుటివాడు ఏం ఆడతాడో ఇతనికి తెలియదు.

వెంటనే మానెయ్ అని నేను అనలేదు. అంటే నా ముందు మానేసి బయట ఆడతారు. బదులుగా పావులు తిప్పాను. ఇక మీదట క్లాసులో ఎంగ్లుండ్ వచ్చిన ప్రతిసారీ నువ్వు తెల్ల, మిగతా పిల్లలు నల్ల. మొదట్లో ఇతను కూడా బి2 పోయాక ఆగి గోరు కొరుక్కున్నాడు. ఒంటె సి3 తప్పని తెలుసు కానీ దాని బదులు ఏం వేయాలో తెలియదు, ఎందుకంటే ఇన్నాళ్ళూ అటువైపు నుంచి ఆలోచించే అవసరమే రాలేదు. చాలాసేపు చూసి తనే గుర్రాన్ని సి3లో పెట్టాడు, కాసేపటికి డి5 కూడా తనే కనిపెట్టాడు. ఆటయ్యాక వాడన్న మాట: "సార్, ఇది ఆడేటోనికి ఏం లేదు కదా ఇండ్ల." నేను అవునని కూడా అనలేదు.

రెండో పని గడియారం. ప్రతి ఎత్తు పక్కన మిగిలిన టైం రాయమన్నాను. బోర్డు మీద క్లాసికల్ ఆటలు, అంటే నిదానంగా ఆడేవి, ఎక్కువగా 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్లు అదనం. ఇతను మొదటి ఆరు ఎత్తులు వేసేసరికి గడియారంలో మొదలుపెట్టినప్పటి కంటే ఎక్కువ టైం ఉంటోంది, ఏడో ఎత్తుకి ఒకేసారి ఇరవై నిమిషాలు తినేస్తోంది. బ్లిట్జ్‌లో ఎదుటివాడు కంగారులో ఒంటె సి3 వేస్తాడు, 90 నిమిషాల ఆటలో వాడికీ ఇరవై నిమిషాలు ఆలోచించే హక్కు ఉంది. వింత గాంబిట్లు క్లాసికల్‌లో పడిపోవడానికి ఇదే పెద్ద కారణం, తెలివి కంటే టైమే ఎక్కువ పనిచేస్తుంది.

ఆ తర్వాత ఒక్కో గాంబిట్‌ను ఆ పరీక్షకి పెట్టాం.

స్టాఫర్డ్ అంటే 1.ఇ4 ఇ5 2.గుర్రం ఎఫ్3 గుర్రం ఎఫ్6 3.గుర్రం×ఇ5 గుర్రం సి6 4.గుర్రం×సి6 డి×సి6. 2020 నుంచి అమెరికా ఇంటర్నేషనల్ మాస్టర్ ఎరిక్ రోసెన్ వీడియోలతో ఇది పిల్లల్లో బాగా పాకింది. అందం ఒప్పుకోవాలి: 5.డి3 ఒంటె సి5 6.ఒంటె జి5 గుర్రం×ఇ4! 7.ఒంటె×డి8 ఒంటె×ఎఫ్2+ 8.రాజు ఇ2 ఒంటె జి4 ఆటకట్టు. మంత్రిని వదిలేసి మూడు చిన్న పావులతో కట్టేయడం. కానీ తెలిసినవాడు 6.ఒంటె ఇ2 వేసి, 6...హెచ్5 అంటే 7.సి3, తర్వాత డి4 తోసి సి5 ఒంటెను వెనక్కి కొడతాడు. బంటు పోయింది, దాడి ఆగింది, చేతిలో మిగిలింది హెచ్ బంటు ముందుకు పోయిన రాజు వైపు మాత్రమే. పరీక్షలో ఫెయిల్. బ్లిట్జ్‌కి ఉంచుకోమన్నాను, సరదాకి సరదా కావాలి కదా.

హాలోవీన్ ఇంకా త్వరగా పోయింది. నాలుగు గుర్రాల ఆటలో (1.ఇ4 ఇ5 2.గుర్రం ఎఫ్3 గుర్రం సి6 3.గుర్రం సి3 గుర్రం ఎఫ్6) 4.గుర్రం×ఇ5 అని గుర్రాన్నే ఇచ్చేయడం, తర్వాత డి4, డి5 అని బంటులతో నల్ల గుర్రాలను తరమడం. చూడ్డానికి భలే ఉంటుంది. 4...గుర్రం×ఇ5 5.డి4 గుర్రం సి6 6.డి5 దగ్గర తెలియనివాడు గుర్రాన్ని కాపాడుకోవడానికి పరుగెడతాడు, తెలిసినవాడు 6...ఒంటె బి4! వేసి గుర్రాన్ని తిరిగి ఇచ్చేస్తాడు. 7.డి×సి6 గుర్రం×ఇ4, లెక్క సరిసమానం, ఆట మాత్రం నల్లవాడి చేతిలో. బలిగా వచ్చినదాన్ని తిరిగి ఇచ్చేసే అవకాశం ఎదుటివాడికి ఉందా అని చూడటం అతను అక్కడ నేర్చుకున్నాడు. చాలా గాంబిట్లకి అసలైన మందు అదే, అత్యాశకి పోకుండా తిన్నది వెనక్కి ఇవ్వడం.

డానిష్‌లో కూడా అదే కథ. 1.ఇ4 ఇ5 2.డి4 ఇ×డి4 3.సి3 డి×సి3 4.ఒంటె సి4 సి×బి2 5.ఒంటె×బి2, రెండు ఒంటెలు నల్లరాజు వైపు నోరు తెరుచుకుని ఉంటాయి, బాగుంది. 5...డి5! 6.ఒంటె×డి5 గుర్రం ఎఫ్6! 7.ఒంటె×ఎఫ్7+ రాజు×ఎఫ్7 8.మంత్రి×డి8 ఒంటె బి4+, మంత్రులు రెండూ పోయి బంటులు సమానమైన ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలే ఆట చివరి దశ). తెల్లవాడికి నష్టమేమీ లేదు. కానీ ఇతను ఆ పొజిషన్ చూసి, "ఇండ్ల మజా ఏముంది సార్" అన్నాడు. ఓడిపోకపోయినా మజా లేదని వద్దన్న ఓపెనింగ్ అదొక్కటే.

టెన్నిసన్ గురించి రెండు ముక్కలు. 1.గుర్రం ఎఫ్3 డి5 2.ఇ4 డి×ఇ4 3.గుర్రం జి5, తర్వాత 3...గుర్రం ఎఫ్6 4.డి3 ఇ×డి3 5.ఒంటె×డి3 హెచ్6 అంటే 6.గుర్రం×ఎఫ్7 రాజు×ఎఫ్7 7.ఒంటె జి6+ అని మంత్రి పట్టుబడుతుంది. దీనికి ఆన్‌లైన్‌లో క్షిపణి పేరు పెట్టి తెగ తిప్పారు. 3...ఇ5 అని బంటు తిరిగిచ్చి సెంటర్ తీసుకుంటే క్షిపణి పేలదు. పక్కన పెట్టేశాం.

మిగిలినవి రెండు, ఆల్బిన్, బుడాపెస్ట్. డి4, సి4 ఆడేవాడికి నల్లతో గాంబిట్ కావాలంటే నా లెక్కలో ఇవే పనికొచ్చేవి.

ఆల్బిన్‌లో 1.డి4 డి5 2.సి4 ఇ5 3.డి×ఇ5 డి4. ఇక్కడ 4.ఇ3 అంటే 4...ఒంటె బి4+ 5.ఒంటె డి2 డి×ఇ3 6.ఒంటె×బి4 ఇ×ఎఫ్2+ 7.రాజు ఇ2 ఎఫ్×జి1 గుర్రం+, బంటు మంత్రి కాకుండా గుర్రమై చెక్ ఇస్తుంది, లాస్కర్ ట్రాప్ అంటారు. పిల్లలు ఎగిరి గంతేస్తారు. ట్రాప్ పడకపోయినా డి4 మీద బంటు గొంతులో ముల్లులా ఉంటుంది కాబట్టి సగం పాస్. రష్యా గ్రాండ్‌మాస్టర్ మొరోజెవిచ్ స్థాయి ఆటగాడు పెద్ద టోర్నమెంట్లలో ఆడాడు. అయినా పోయిన బంటు తిరిగి వస్తుందన్న గ్యారంటీ లేదు.

బుడాపెస్ట్‌లో వస్తుంది. మొత్తం తేడా అదే. 1.డి4 గుర్రం ఎఫ్6 2.సి4 ఇ5 3.డి×ఇ5 గుర్రం జి4. నల్లవాడు ఇ5 బంటు మీద గుర్రం, మంత్రి, ఇంకో గుర్రం పెట్టి దాన్ని వసూలు చేసుకుంటాడు. 4.ఒంటె ఎఫ్4 గుర్రం సి6 5.గుర్రం ఎఫ్3 ఒంటె బి4+ 6.గుర్రం బి-డి2 (అంటే బి వరసలోని గుర్రం డి2కి) మంత్రి ఇ7. ఇక్కడ కూడా ఉచ్చు ఉంది, లేకపోతే కుర్రాడు ఒప్పుకునేవాడు కాదు: 7.ఎ3 గుర్రం జి×ఇ5! ఒంటెను పట్టించుకోకుండా వదిలేశాడు కదా అని 8.ఎ×బి4 అంటే గుర్రం డి3 ఆటకట్టు. తెల్లరాజు చుట్టూ అన్నీ తన పావులే, ఇ2 బంటు ఎదురుగా మంత్రి ఉండటంతో కదలలేదు. ఎదుటివాడికి ఇది తెలుసనుకోండి, 8.గుర్రం×ఇ5 గుర్రం×ఇ5 వేసి ఇ3 ఆడతాడు. బంటులు సమానం. తెల్లవాడికి రెండు ఒంటెలు మిగులుతాయి, కొంచెం మేలు, ఇంజన్ లెక్కలో సగం బంటు అటూఇటూ. దాంతో ఎవరూ ఓడిపోరు. బెర్లిన్‌లో 1918లో విద్మార్ ఇదే ఓపెనింగ్‌తో రూబిన్‌స్టెయిన్‌ను నల్లపావులతో ఓడించాడు, అప్పట్లో రూబిన్‌స్టెయిన్ అంటే ప్రపంచంలో మొదటి వరసలోవాడు.

ఈ మధ్య తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటి ఉంది, "అర్జున్ ఇరిగేసి ఇట్లాంటివి ఆడతాడా సార్?" అని. హనుమకొండ వైపు పిల్లాడు 2024 డిసెంబర్ ఫిడే లిస్టులో 2800 దాటాక ప్రతి ఇంట్లో ఆయన పేరే. ఆయన ఏ ఓపెనింగ్ తీస్తాడో ముందే చెప్పడం కష్టం, అది నిజం. కానీ ఏది తీసినా దాని వెనకాల నలభై ఎత్తుల ఆట తెలిసి తీస్తాడు. వింత ఓపెనింగ్ ఆడటం తప్పని నేనెప్పుడూ అనను. మొదటి ఎనిమిది ఎత్తులే తెలిసి ఆడటం దగ్గరే నాకు పేచీ.

అందుకని బుడాపెస్ట్ నేర్పడం ఉచ్చు దగ్గర మొదలుపెట్టలేదు. ఉచ్చు తప్పిపోయిన పొజిషన్ దగ్గర మొదలుపెట్టాను. 7.ఇ3 గుర్రం జి×ఇ5 8.గుర్రం×ఇ5 గుర్రం×ఇ5 9.ఒంటె ఇ2 క్యాజిలింగ్ 10.క్యాజిలింగ్. ఇదిగో ఇక్కడి నుంచి ఆడు అని కూర్చోబెట్టేవాణ్ణి. బి4 మీది ఒంటె డి2 గుర్రాన్ని తినాలా వద్దా? తినకపోతే ఆ గుర్రం బి3కి వచ్చేస్తుంది, ఒంటె ఒంటరిగా అక్కడ ఇరుక్కుంటుంది, కాబట్టి 10...ఒంటె×డి2 11.మంత్రి×డి2 డి6. తెల్లవాడు బి4, సి5 అని తోసుకొస్తాడు, దాన్ని ఎ5, బి6 తో ఎలా ఆపాలి, గుర్రాన్ని జి6కి పంపి ఎఫ్4 ఒంటెను ఎప్పుడు అడగాలి, ఏనుగు ఇ8కి ఎందుకు రావాలి. బోర్ కొట్టింది వాడికి, మొదటి వారాల్లో ఆవలింతలే. పక్కనే ఏనుగుల ఎండ్‌గేమ్ కూడా పెట్టాను, ఎందుకంటే ఒంటెల జోడీ ఉన్నవాడితో ఆడేటప్పుడు పావులు మార్చుకుంటూ పోతే ఎక్కువసార్లు తేలేది అక్కడికే.

ఇక అసలు ఆట. టోర్నమెంట్ జడ్చర్ల దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో. మిర్యాలగూడ నుంచి హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా ఒకే హైవే, కానీ గుంతలూ బస్సు మార్పులూ కలిసి పిల్లాడు దిగేసరికి వాడిపోయి ఉన్నాడు. పెయిరింగ్ అంటించగానే నాయన మొఖం నేను చూశాను: నల్లపావులు, ఎదుట పాలమూరు పిల్లాడు, రేటింగ్‌లో రెండొందలు ఎక్కువ, ఇంతకుముందు ఎంగ్లుండ్‌ను గుర్రం సి3 తో చీల్చినవాడు.

ఆ పిల్లాడు డి4 వేసి గడియారం నొక్కి, పెన్ను తీసి ఎదుటి ఎత్తు రాయడానికి సిద్ధంగా కూర్చున్నాడు. ఇ5 వస్తుందని నమ్మకం. మనవాడు గుర్రం ఎఫ్6 వేశాడు. అటువాడు తల ఎత్తి ఇతని మొఖంలోకి ఒకసారి చూసి, సి4 వేశాడు. అప్పుడు ఇ5. ఈసారి అటువైపు పెన్ను కింద పెట్టేశాడు, పద్నాలుగు నిమిషాలు కదల్లేదు. బోర్డుల మధ్య తాడు కట్టి ఉంటుంది కదా, నేను అవతల నుంచి చూస్తున్నా, నిజం చెప్పాలంటే నాకే టెన్షన్.

ఏడో ఎత్తుకి ఎ3 వేయలేదు, ఇ3 వేశాడు. ఉచ్చు పోయింది. ఇదివరకైతే ఇక్కడ మనవాడి రాత మారిపోయే చోటు. ఆ షీట్ నా దగ్గరే ఉంది: ఏడో ఎత్తు నుంచి పదకొండో ఎత్తు దాకా రాత ఒకేలా ఉంది, కొట్టివేతలు లేవు, పన్నెండో ఎత్తు పక్కన మిగిలిన టైం గంటా ఇరవై నిమిషాలు. పదిహేనో ఎత్తు దగ్గర మొదటిసారి ఎక్కువసేపు ఆలోచించాడు, బి6 ముందా ఎ5 ముందా అని. ఎ5 ముందు వేశాడు, నేనైతే బి6 వేసేవాణ్ణి, అదేమీ పెద్ద తేడా కాదు.

తెల్లవాడు బాగా ఆడాడు. మెల్లగా ఒంటెల జోడీతో నొక్కుకుంటూ వచ్చి మంత్రి వైపు ఒక బంటు గెలిచాడు. ఆ వైపు మిగతా బంటులు మార్పిడిలో పోయి, చివరికి చెరో ఏనుగు, రాజు వైపు నాలుగు బంటులకి మూడు బంటులు. పుస్తకాల్లో ఇది డ్రా అనే ఉంటుంది, అయితే కాపాడుకునేవాడికి పద్ధతి తెలియాలి: వీలైనంత త్వరగా హెచ్ బంటును హెచ్5లో పెట్టి ఎదుటి జి4ను కష్టం చేయాలి, ఏనుగును వెనక నుంచి చెక్‌లకి ఖాళీగా ఉంచాలి. మనవాడు పావు మార్పిడి అయిన వెంటనే హెచ్5 వేశాడు. అక్కడ నేను టీకి బయటికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఇంకా అదే పొజిషన్, రాజులు అటూ ఇటూ. తన ఎత్తుతో అదే పొజిషన్ మూడోసారి వస్తుందని, అంటే డ్రా అని, మనవాడే ఆర్బిటర్‌ను పిలిచాడు, ఎత్తు వేయకముందే షీట్ మీద రాసి, గడియారం ఆపి, నేర్పినట్టే. ఎత్తు ముందే రాయడం ఒప్పయ్యే సందర్భం అది.

పద్దెనిమిది లోపు పిల్లలకి ఫిడే లెక్కలో కె (ఒక్కో ఆటకి రేటింగ్ ఎంత మారాలో తేల్చే గుణకం) 40 (రేటింగ్ 2300 దాటనంత వరకు). రెండొందలు ఎక్కువున్నవాడితో డ్రా అంటే పది పాయింట్లు వస్తాయి, సమానమైనవాడితో ఓడితే ఇరవై పోతాయి. బస్సు చార్జీలు లెక్కపెట్టే నాయనకి ఈ లెక్క నేను కాగితం మీద వేసి చూపించాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అంటే మావోడు ఓడకుంటే కూడా లాభమే అన్నట్టు" అన్నాడు.

కుర్రాడు మాత్రం ఎ3 వేయలేదని ఇంకా బాధపడుతున్నాడు. "ఆడు ఎ3 ఏస్తడనుకున్న సార్, ఏస్తే సచ్చేటోడు." వేయడని అనుకునే ఆడమని కదా మనం కష్టపడింది అంటే నవ్వాడు.

కేసు ఇంకా మూతపడలేదు. బుడాపెస్ట్‌కి సి4 కావాలి, మన జిల్లాల పిల్లల్లో సగం మంది సి4 ఆడరు, డి4, ఒంటె ఎఫ్4 అని లండన్ వేసుకుని కూర్చుంటారు. దానికి గాంబిట్ ఇవ్వమని ఇతను నా ప్రాణం తోడుతున్నాడు. ఇవ్వలేదు. సి5, తర్వాత మంత్రి బి6 తో బి2 మీద ఒత్తిడి పెట్టడం నేర్పుతున్నా, తెల్లవాడు గుర్రం సి3 వేసి బి2ను ఊరికే వదిలేస్తే తినేముందు గుర్రం బి5, ఆ తర్వాత సి7లో చెక్ వస్తుందా అని చూసుకోమంటున్నా. బి2 బంటు కనబడితే ఇప్పటికీ చెయ్యి ముందుకు పోతుంది, అందుకని క్లాసులో ఆ బంటు తినాలంటే కారణం ముందు కాగితం మీద రాయాలి అని రూల్ పెట్టాను. మిగతా పిల్లలు నవ్వుతున్నారు, అతను రాస్తున్నాడు. వచ్చే నెల ఖమ్మంలో ఆడతాడు. అక్కడ ఇతని ఓపెనింగ్ ఎవరికీ తెలియదు కాబట్టి ఎంగ్లుండ్ తీయొచ్చా అని అప్పుడే అడిగాడు. బ్లిట్జ్ అయితే తియ్ అన్నాను, క్లాసికల్ అయితే గుర్రం ఎఫ్6.